సొంత పట్టా భూమిల చేపల గుంటకు పర్మిషన్ కావాల్నా?

తమ్మీ, నర్సంపేట దిక్కు రెండెకరాల చెల్క ఉంది, చేపల గుంట తవ్విస్తే లైసెన్స్ కావాల్నా, మన పట్టాల మనల్ని ఎవరడుగుతరు అని రాసినవ్ కదా. నేను కూడా గట్లనే అనుకున్న. పరకాల దగ్గర మా ఎకరంల 2019ల జేసీబీ పెట్టి తవ్విచ్చిన, ఎవ్వర్నీ అడగలే, మొదటి పంట మంచిగనే వచ్చింది.

రెండో పంటకు ఏమైందంటే, చేపలు పట్టాలంటే గుంట ఖాళీ చెయ్యాలె కదా, మోటర్ పెట్టి నీళ్లన్నీ పక్క కాల్వల ఇడిసిన. ఆ కాల్వ పోయి మా ఊరి చెరువుల పడ్తది. ఎండాకాలం, చెరువుల నీళ్లే తక్కువ, నా గుంట అడుగు బురద, మిగిలిపోయిన దాణా, చేపల పెంట అంతా నల్లగ పోయి దాంట్ల కలిసింది. తెల్లారి ఐదింటికి మత్స్య సొసైటీ వాళ్లు ఫోన్ చేస్తే ఉరికిన. చేపలన్నీ ఒడ్డుకొచ్చి నోర్లు తెరుస్తున్నయ్, బొచ్చెలైతే అప్పటికే తెల్లగ తేలినయ్. తెల్లారుగట్ల నీళ్లల్ల ఆక్సిజన్ అసలే తక్కువుంటది, ఉన్న కొంచెం కూడా ఆ బురద కుళ్లి గుంజుకున్నది. సొసైటీల ఒక పెద్దాయన సచ్చిన బొచ్చె మొప్ప ఎత్తి నాకు చూపెట్టిండు, లోపటంతా నల్ల మడ్డి. పంచాయితీల కూసోబెట్టిన్రు, నష్టం కట్టిన. కట్టాల్సిందే, ఆ చెరువు మీద బతికేటోళ్లు వాళ్లు.

ఆ తర్వాతనే ఒక్కొక్కటి తెలుసుకున్న. నెట్‌ల వెతికితే నీకు ముందు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ అని వస్తది, అది 2005 చట్టం, సముద్రం ఒడ్డు రొయ్యల గుంటల వాళ్లకు, మనకు కాదు. ఆంధ్రల 2020ల వచ్చిన ఆక్వా చట్టం కూడా అక్కడి వాళ్లకే. అట్లని మనకు ఏ రూల్ లేదనుకోకు, నేను మోసపోయింది ఆడనే. నీళ్ల కాలుష్యం మీద 1974 చట్టం ఉంది, వాగులగాని బావిలగాని గలీజు నీళ్లు ఇడిసుడు తప్పని దాంట్ల 24వ సెక్షన్ల ఉంది. బోరు ఏస్తే వాల్టా (నీళ్లు, భూమి, చెట్లను కాపాడే) చట్టం కింద పర్మిషన్ తీసుకోవాలె. భూమి చెరువు శికంల గాని ఎఫ్‌టీఎల్‌ల (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు) గాని ఉంటే ఆ ఆలోచనే బంద్ చెయ్. పాస్‌బుక్, నక్షా పట్టుకొని జిల్లా మత్స్యశాఖ ఆఫీసుకు పో, జేసీబీ రాకముందే పో. పీఎంఎంఎస్‌వై అనే కేంద్రం చేపల స్కీంల సబ్సిడీ కావాలన్నా, జనరల్‌కు 40 శాతం, ఎస్సీ ఎస్టీలకు ఆడవాళ్లకు 60 శాతం, ముందుగాల అప్లై చేసుకోవాలె.

ఇంకోటి, గుంట తవ్వినవని తెల్వంగనే ఎవడో ఒకడు వచ్చి క్యాట్‌ఫిష్ పిల్లలు పోస్త, చికెన్ షాపుల పేగులేసినా పెరుగుతయ్ అంటడు. థాయ్ మాగుర్ అంటరు గాని అది ఆఫ్రికా చేప, 2000లనే కేంద్రం నిషేధించింది, గ్రీన్ ట్రిబ్యునల్ కూడా ఉన్నయ్ ఉన్నట్టు నాశనం చెయ్యమన్నది. వానకు కట్ట పొర్లితే చాలు, చెరువులకు పోయి మన కొర్రమీను పిల్లలను, నాటు మార్పు చేపలను మింగేస్తది. కొర్రమీను మన రాష్ట్ర చేప, ఆ ఇత్తనం పోతే మళ్ల తేలేం. నాలుగు పైసలు ఎక్కువొస్తయని ఆ పాపం మాత్రం చెయ్యకు తమ్మీ.

నిజం చెప్పాలంటే చెకింగ్ చాన తక్కువ. నా గుంట కాడికి ఆఫీసరోళ్లు ఫొటోలు తీసుకునేతందుకు వచ్చిన్రు గాని నీళ్లు ఇడిసేనాడు ఇప్పటిదాక ఒక్కరూ రాలే. అందుకే నేనే ఎకరంల ఎనిమిదో వంతు జాగ ఇడిసిపెట్టి కింద ఇంకో చిన్న గుంట తవ్విచ్చి తుంగ పెంచిన, నీళ్లు ముందు దాంట్లకు పోతయ్, వారం పది రోజులు నిలవడి మడ్డి కిందికి దిగినంక మా వరి మడికే పెడ్తున్న, యూరియా కూడా కొంచెం తక్కువేస్తున్న. మడ్డి ఎండినంక ఎత్తి చెల్కల పోస్తున్న. చెరువుల చుక్క పడ్తలేదు.

నీ చెల్కకు పల్లం ఎటుంది, కింద కాల్వ ఉందా, అది ఏ చెరువుల పడ్తదో రాయి, చూసి చెప్త.