పాఠకుల ప్రశ్నలు: ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో ప్రెస్సు నడుస్తుందా?

ప్రశ్న: చెన్నై తిరువల్లిక్కేణిలో మాకు చిన్న ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. తెలుగు శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు వేస్తాం. ఐదు కంప్యూటర్లకు ఏటేటా సాఫ్ట్‌వేర్ చందాలు కట్టలేకపోతున్నాం. ఓపెన్ సోర్స్‌కు మారమని మా అబ్బాయి అంటున్నాడు. డబ్బు తీసుకోకుండా ఇచ్చేదాన్ని నమ్మవచ్చా? దాన్ని తయారుచేసేవారికి గిట్టుబాటు ఎలా అవుతుంది?
- ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: ఓపెన్ సోర్స్ అంటే లోపలి కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చి, వాడుకునేలా విడుదల చేసిన సాఫ్ట్‌వేర్. మీ రెండో ప్రశ్నకు సమాధానం దొరికితే మొదటిదానికీ దొరికినట్లే. తీరిక వేళల్లో ఇష్టంకొద్దీ ఈ సాఫ్ట్‌వేర్ రాసేవారు లేకపోలేదు గానీ, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి భాగంలో) నేడు చేరుతున్న కోడ్‌లో అధిక భాగం ఇంటెల్, గూగుల్, రెడ్ హ్యాట్ వంటి కంపెనీలు జీతాలిచ్చి రాయిస్తున్నదే. తమ సర్వర్లూ ఫోన్లూ దాని మీదే నడుస్తున్నందువల్ల, ఎవరికి వారు విడిగా రాయించుకోవడం కంటే అందరూ కలిసి ఒక్కదాన్నే పోషించుకోవడం వారికి చవక. రెడ్ హ్యాట్ కోడ్‌కు వెల కట్టకుండా నిర్వహణ సేవలకు చందా వసూలు చేస్తుంది. ఆ కంపెనీని 2019లో ఐబీఎం సుమారు 3,400 కోట్ల డాలర్లకు కొన్నది.

హార్వర్డ్ బిజినెస్ స్కూల్ నుంచి 2024లో వెలువడిన ఒక అధ్యయనం, విరివిగా వాడుకలో ఉన్న ఓపెన్ సోర్స్ కోడ్‌ను ఒక్కసారి తిరగరాయించడానికి 415 కోట్ల డాలర్లు సరిపోతాయని, వాడుకునే ప్రతి సంస్థా ఎవరిది వారే రాయించుకోవలసి వస్తే 8.8 లక్షల కోట్ల డాలర్లు అవుతాయని అంచనా వేసింది. ఇటువంటి లెక్కలను పైసలతో సహా నమ్మనక్కరలేదు; రెండు అంకెల నడుమ అంతరం చూస్తే చాలు. అందరిదీ అయినదాన్ని పట్టించుకునేవారు కరవయ్యే ప్రమాదమూ ఇందులో ఉంది. 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు, వెబ్‌సైట్ల భద్రతకు ఆధారమైన ఓపెన్ ఎస్ఎస్ఎల్‌ను చాలీచాలని నిధులతో కొద్దిమంది నెట్టుకొస్తున్నారని లోకానికి తెలిసింది.

ఇక మీ ప్రెస్సు సంగతి. ఉత్తరాలకు, కొటేషన్లకు లిబ్రే ఆఫీస్ నిశ్చింతగా వాడుకోవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ విషయంలో, మీ ఊళ్లోని సీ-డాక్ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ) కేంద్రం రూపొందించిన బాస్ లినక్స్ ఉన్నా, తెలిసినవారు సులువుగా దొరుకుతారు కనుక ఉబుంటు అనే మరో లినక్స్‌నే ఎంచుకోమంటాను. అసలు చిక్కు తెలుగు కంపోజింగ్‌లో ఉంది. పాత "అను" ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. అందుచేత పేజ్‌మేకర్‌లో కూర్చిన పాత ఫైలును, పేజీలు కూర్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అయిన స్క్రైబస్‌లో తెరిచినా, "శ్రీరస్తు శుభమస్తు" ఉండవలసిన చోట అర్థంలేని గుర్తుల వరుస కనిపిస్తుంది. తెలుగు అక్షరాలకు సొంత స్థానాలున్న యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, మార్చాక వత్తులనూ పొల్లులనూ ప్రూఫు చూడక తప్పదు. వధువు పేరులో వత్తు జారితే ఆ కార్డులన్నీ మీ ఖాతాలోనే పడతాయి.

కొత్త పనికి సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, సూరన్న వంటి యూనికోడ్ ఫాంట్లను రుసుము లేకుండా వాణిజ్య ముద్రణకు వాడుకోవచ్చు. స్క్రైబస్ నాలుగు రంగుల ముద్రణకు తగిన పీడీఎఫ్ ఇస్తుంది. అయితే ప్లేటుకు పంపే ముందు, నల్ల అక్షరాలు నాలుగు ప్లేట్లలోనూ కాక నలుపు ప్లేటులో మాత్రమే పడుతున్నాయో లేదో ప్రివ్యూలో తప్పక చూసుకోండి. లేకపోతే రిజిస్ట్రేషన్ (రంగుల ప్లేట్ల పొంతన) ఏమాత్రం కదిలినా సన్న అక్షరాల చుట్టూ రంగు అంచులు తేలతాయి.

ఖర్చు తగ్గుతుంది కాని పూర్తిగా పోదు. మీ కంపోజిటర్‌కు కొత్త పద్ధతి చేతికి వచ్చేదాకా పని నెమ్మదిస్తుంది. సమస్య వస్తే వచ్చి చూసే మనిషికి డబ్బివ్వాలి. ఇప్పటిదాకా చందాగా పోయిన సొమ్ములో కొంత ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌లో లినక్స్ తెలిసిన కుర్రవాడికి ముట్టచెప్పి, ఏడాది పొడవునా పిలిస్తే వచ్చేలా ఒప్పందం చేసుకోండి. ముందుగా బిల్లుల కంప్యూటర్ ఒక్కదాన్ని మార్చండి. అకౌంట్ల ప్యాకేజీ విండోస్‌లో మాత్రమే నడిచేదైతే దానికి మరో కంప్యూటర్ కేటాయించండి. పాత ఫైళ్ల కోసం పేజ్‌మేకర్ ఉన్న కంప్యూటర్ ఒకటి అలాగే ఉంచి, కంపోజింగ్ యంత్రాలను శుభలేఖల ఒత్తిడి తగ్గే ఆషాఢంలో మార్చండి.