ఇంధనాలకు క్యాన్సర్ పరీక్షలు: బీఎస్సీ మైక్రోబయాలజీ అమ్మాయికి దారి ఏది?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ మైక్రోబయాలజీ ఆఖరి సంవత్సరం. సింథటిక్ ఇంధనాల (బొగ్గు, గ్యాస్ లాంటి వాటి నుంచి తయారుచేసే ఇంధనాల) వల్ల క్యాన్సర్ ముప్పు ఉందో లేదో పరీక్షించే పనిలోకి వెళ్తానంటోంది. ఏం చదివించాలి? ఉద్యోగాలుంటాయా?

జవాబు: ఒక్క ఇంధనాలనే నమ్ముకుంటే ఉద్యోగాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చండి. అదే జెనెటిక్ టాక్సికాలజీ (రసాయనాలు జన్యువులను దెబ్బతీస్తాయా అని చూసే శాస్త్రం) నేర్చుకుంటే మందులు, పురుగుమందుల కంపెనీలకు పరీక్షలు చేసే హైదరాబాద్, బెంగళూరు ల్యాబ్‌ల్లో చోటుంటుంది. ఇంధనమైనా అక్కడ మరో శాంపిలే.

మొదటి మెట్టు ఏమ్స్ టెస్ట్, అంటే శాంపిల్ జన్యువుల్లో మార్పు తెస్తుందా అని బ్యాక్టీరియా మీద చూసే పరీక్ష. మైక్రోబయాలజీ పిల్లలకు ఇది సొంతిల్లు. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసుకోలేని సాల్మొనెల్లా బ్యాక్టీరియా తీసుకుంటారు. శాంపిల్ ఆ బ్యాక్టీరియా జన్యువును మారిస్తే కొన్ని కణాలు హిస్టిడిన్ లేకుండానే పెరిగి కాలనీలు కడతాయి. 2 మి.లీ. టాప్ అగార్‌లో (ప్లేటు మీద పోసే మెత్తటి జెల్లీలో) 0.1 మి.లీ. కల్చర్, శాంపిల్, 0.5 మి.లీ. ఎస్9 మిశ్రమం (ఎలుక కాలేయపు ఎంజైములు) కలిపి ప్లేటు మీద పోస్తారు. 37 డిగ్రీల దగ్గర 48 నుంచి 72 గంటలు ఉంచుతారు. ఐదు మోతాదులు, ఒక్కోదానికి మూడేసి ప్లేట్లు. ఎస్9 లేకుండా మళ్లీ అంతా.

ఇంధనంతో తంటా వేరు. నీళ్లలో కలవదు, ఈ పరీక్షల్లో మామూలుగా వాడే ద్రావకం డీఎంఎస్ఓలోనూ పూర్తిగా కరగదు. తేలిక భాగాలు ఇంక్యుబేటర్‌లోనే ఆవిరైపోతే ప్లేటు ‘ప్రమాదం లేదు’ అని అబద్ధం చెబుతుంది. అందుకే మూత బిగించిన డెసికేటర్‌లో (గాలి చొరబడని గాజు పాత్రలో) పెట్టాలి. మోతాదు ఎక్కువై బ్యాక్టీరియా చస్తే, ప్లేటంతా పల్చగా పరుచుకుని ఉండే బ్యాక్టీరియా పొర చెదురుతుంది. మిగిలినవి సూదిమొనంత కాలనీలుగా కనిపిస్తాయి. వాటిని మ్యుటేషన్లుగా లెక్కేస్తే రిపోర్టు మొత్తం తప్పే. మైక్రోస్కోపు కింద ఆ పొర చూడనిదే లెక్క మొదలెట్టకూడదు.

‘సింథటిక్’ పేరును బట్టి ఏదీ తేల్చలేం. ఫిషర్-ట్రాప్ష్ ఇంధనంలో (కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వాయువులను కలిపి చేసేది) ఆరోమాటిక్స్ (బెంజీన్ లాంటి వలయాకార అణువులు) దాదాపు ఉండవు. నేరుగా బొగ్గును కరిగించి తీసిన బరువైన ద్రవాల్లో మాత్రం ఆరోమాటిక్ అమైన్లు, పీఏహెచ్‌లు (పలు వలయాలు కలిసిన ఆరోమాటిక్స్) లాంటి జన్యువులను దెబ్బతీసేవి దండిగా ఉంటాయి. హైడ్రోజన్‌తో శుద్ధిచేస్తే ఆ విషం చాలావరకు తగ్గుతుంది. ఏమ్స్ పాజిటివ్ వచ్చినంత మాత్రాన క్యాన్సర్ అని తేలినట్టు కాదు. తర్వాత మైక్రోన్యూక్లియస్ పరీక్ష (కణాల్లో క్రోమోజోములు దెబ్బతిన్నాయా అని చూసేది), అవసరమైతే రెండేళ్ల జంతు పరీక్ష.

చదువుకొస్తే, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ లేదా బయోటెక్నాలజీ నాగార్జున యూనివర్సిటీలోనే చేయొచ్చు. ప్రాజెక్టు మాత్రం టాక్సికాలజీలోనే పట్టుబట్టండి. పరిశోధన ఇష్టమైతే సీఎస్ఐఆర్ నెట్ (పరిశోధన ఫెలోషిప్ అర్హత పరీక్ష) రాసి లక్నోలోని ఐఐటీఆర్‌కు (భారత టాక్సికాలజీ పరిశోధన సంస్థకు) ప్రయత్నించాలి. ప్రైవేటు ల్యాబ్‌లో చేరేముందు జీఎల్పీ (గుడ్ లేబొరేటరీ ప్రాక్టీస్) సర్టిఫికెట్ అడిగి, దాని పరిధిలో మ్యుటజెనిసిటీ (జన్యు మార్పుల) పరీక్షలు ఉన్నాయో లేదో చూసుకోమనండి.