ఏఎం హెర్క్యులిస్‌ని పట్టుకో

చిరంజీవి అమ్మలుకి, పెద్దమావయ్య ఆశీస్సులు.

ఎనిమిది అంగుళాల టెలిస్కోపుకి కెమెరా బిగించావట, చాలా సంతోషం. ఏ తారతో మొదలుపెట్టాలని అడిగావు కదా, హెర్క్యులిస్ రాశిలో వెలుగు మారే తార ఏఎం హెర్క్యులిస్‌తో మొదలుపెట్టు. ఈ ఏడాదంతా ఇంకోదాని జోలికి పోకు.

ఏప్రిల్‌లో రాత్రి పదకొండు దాటాక ఈశాన్యంలో అభిజిత్ (వేగా) కనిపిస్తుంది. దానికి ఎడమవైపు, కొంచెం పైన వెతుకు. మ్యాప్, పోలిక తారల (వెలుగు మారని, దీన్ని పోల్చి కొలిచే తారల) లెక్కలు ఏఏవీఎస్ఓ అనే, వెలుగు మారే తారలను గమనించేవాళ్ళ అమెరికా సంఘం దగ్గర దొరుకుతాయి.

అక్కడ ఉన్నది ఒక తార కాదు, రెండు. ఒకటి భూమంత తెల్ల మరుగుజ్జు, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన తార. రెండోది ఎర్ర మరుగుజ్జు, అంటే చిన్న, చల్లటి తార. సూర్యుడి కడుపులో రెండూ పట్టేటంత దగ్గరగా, 3 గంటల 6 నిమిషాలకో చుట్టు తిరుగుతుంటాయి. తెల్లదాని అయస్కాంత క్షేత్రం దాదాపు కోటీ నలభై లక్షల గాస్. మన భూమిది అర గాస్ చుట్టుపక్కలే. అందుకే ఎర్రదాని నుంచి జారే వాయువు పళ్ళెంలా చుట్టూ పరుచుకోలేదు, క్షేత్రం లాగినట్టు నేరుగా తెల్లదాని అయస్కాంత ధ్రువం మీద పడుతుంది. దీని వెలుగు మారుతుందని 1923లోనే మాక్స్ వోల్ఫ్ గుర్తించాడు. కానీ 1976లో శాంటియాగో టాపియా ఆ వెలుగులో బలమైన ధ్రువణం (పోలరైజేషన్, అంటే కాంతి తరంగాలు ఒక తీరుగా ఊగడం) చూసేదాకా అసలు సంగతి బయటపడలేదు. ఈ జాతి తారలకి పోలార్లని పేరొచ్చింది అందుకే.

కూర్చుంటే మూడున్నర గంటలు కూర్చో. ఒంటి గంటకి మొదలుపెడితే తెల్లవారేలోపు ఒక చుట్టు పూర్తవుతుంది. అరగంట తీసి పడుకుంటే చేతికొచ్చేది ముక్కే. ఎక్స్‌పోజర్ ఒక నిమిషం దాటనివ్వకు, ఎందుకంటే నిమిషాల్లోనే వెలుగు ఎగిరిపడుతుంది. మొదటిసారి నా గ్రాఫ్‌లో చుక్కలు ఒక్కొక్కటిగా కిందికి జారి, కాసేపు అక్కడే తచ్చాడి, మళ్ళీ పైకి లేస్తుంటే మబ్బేమోనని బయటికెళ్ళి చూశాను. ఆకాశం నిర్మలంగా ఉంది. పోలిక తార గీత కూడా కదలలేదు. అందుకే పోలిక తారతోపాటు సరిచూసుకోవడానికి ఇంకో తారని కూడా కొలవమంటాను. మబ్బొస్తే అన్నీ కలిసే తగ్గుతాయి.

అన్నిటికంటే ముఖ్యం టైం. ఒక సీజన్ మొత్తం నా లాప్‌టాప్ గడియారం నాలుగు నిమిషాలు వెనక ఉంది, నేను చూసుకోలేదు. పదకొండు రాత్రుల కొలతలు చుట్టు లెక్కకి పనికి రాకుండా పోయాయి. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ప్రతి రాత్రీ మొదలుపెట్టే ముందు ఇంటర్నెట్ టైంతో సరిచెయ్యి. భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల ఈ తార వెలుగు మనల్ని చేరడం ఏడాదిలో రెండు నిమిషాలకు పైగా ముందూ వెనకా అవుతుంది. ఆ సవరణ సాఫ్ట్‌వేర్ చేస్తుంది, కానీ ముందు నీ గడియారం నిజం చెప్పాలి.

వెలుగులో ఉన్నప్పుడు 13 మాగ్నిట్యూడ్ దగ్గర ఉంటుంది (ఈ అంకె పెరిగేకొద్దీ తార మసక). ఎప్పుడో ఉన్నట్టుండి వాయువు రావడం తగ్గిపోయి 15 దాటుతుంది, నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. చాలామంది సరిగ్గా అప్పుడే వదిలేస్తారు. నువ్వు వదలకు. కనబడకపోతే ఆ రాత్రి నీకు కనబడిన అన్నిటికంటే మసక తార మాగ్నిట్యూడ్ రాసి, "ఇంతకంటే మసక" అని పెట్టు. అదీ కొలతే. మళ్ళీ ఎప్పుడు వెలిగిందో తేల్చేది అలాంటి రాత్రులే.

మొదటి రాత్రి ఫైళ్ళు ఏమీ తీసెయ్యకుండా, పిచ్చిగా కనిపించిన చుక్కలతో సహా నాకు పంపు. ఫోన్లో మాట్లాడుకుంటూ కలిసి చూద్దాం.

మావయ్య