"ఏం కాదు కదా" అని పాప అడిగినప్పుడల్లా

అమ్మడూ,

నీ వాయిస్ మెసేజ్‌లన్నీ విన్నాను. పాప ఏడో తరగతికి వచ్చిందో లేదో ఈ గొడవ మొదలైందనీ, చేతులు కడిగి కడిగి వేళ్ళ సందుల్లో చర్మం పగిలిపోయిందనీ, నాన్న చెరువు దగ్గర్నుంచి వస్తే ఆ బట్టల మీద రొయ్యల మందులు ఉంటాయి, అవి తమ్ముడికి అంటుకుని వాడికేమన్నా అయిపోతుందని వణికిపోతోందనీ చెప్పావు. మీ అత్తగారేమో మందపల్లి తీసుకెళ్ళి శనీశ్వరుడికి తైలాభిషేకం చేయించమంటున్నారు, అల్లుడుగారేమో నాలుగు తగిలిస్తే అదే దారికొస్తుందంటున్నారు, నువ్వు మధ్యలో నలిగిపోతున్నావు. మందపల్లి వెళ్తే వెళ్ళండి, తప్పేం లేదు, కానీ ఆ పేరు చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళడం వాయిదా వెయ్యొద్దు. కొట్టడం మాత్రం అసలు వద్దు. కొడితే భయం పోదు, మీ కంటపడకుండా బాత్రూంలో తలుపేసుకుని కడుక్కోవడం నేర్చుకుంటుంది, అంతే.

మా చిన్నోడికి ఎనిమిదో తరగతిలో ఇదే ఓసీడీ, అంటే అక్కర్లేని ఆలోచనలు పదేపదే వచ్చి చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బు, వచ్చిందని నీకు తెలుసు గానీ లోపలి సంగతులు మనం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఇప్పుడు వాడు ఉద్యోగం చేసుకుంటున్నాడు, పెళ్ళయింది, వాణ్ణి అడిగే ఇదంతా రాస్తున్నాను. చాలామంది పిల్లల్లో ఇది పదేళ్ళకి అటూ ఇటూ మొదలవుతుంది. నీ పెంపకం వల్ల రాలేదు, పాప మొండితనం వల్లా రాలేదు, కాబట్టి ఎవరి తప్పు అనే పంచాయితీ ముందు ఆపెయ్యండి.

మన ఇళ్ళల్లో దీన్ని పోల్చుకోవడం కొంచెం కష్టం, ఎందుకంటే మడి, మైల, అంటు అని మనకే సవాలక్ష ఉన్నాయి. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకోవడం మనందరికీ అలవాటే. మా వాడికి తగలకపోయినా తగిలిందేమోనని అనుమానం, అద్దుకున్నాక సరిగ్గా అద్దుకోలేదేమోనని అనుమానం, మళ్ళీ మొదట్నుంచి, అలా రాత్రి పదింటిదాకా సైన్సు పుస్తకంలో ఒక్క పేజీ తిరిగేది కాదు. ఆచారం పాటించినవాళ్ళకి పాటించాక మనసు కుదుటపడుతుంది. ఈ జబ్బులో కుదుటపడదు, పడినా కాసేపే. రోజులో గంటకు మించి దీనికే పోతోందా, చదువూ నిద్రా తిండీ దెబ్బతింటున్నాయా, అది చూడు. నువ్వు చెప్పినదాన్ని బట్టి పాపకి అన్నీ దెబ్బతింటున్నాయి.

లోపల జరిగేది ఏంటంటే, అక్కర్లేని ఆలోచన ఒకటి వచ్చి గుండెల్లో టెన్షన్ పుట్టిస్తుంది, ఆ టెన్షన్ తట్టుకోలేక పాప చెయ్యి కడుగుతుంది లేదా నిన్ను అడుగుతుంది, వెంటనే ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ హాయే చిక్కు. కడిగాను కాబట్టే ఏం కాలేదు అని బుర్ర రాసిపెట్టుకుంటుంది, ఈసారి భయం ఇంకొంచెం గట్టిగా వస్తుంది. మా వాడు దీనికి ఫైనాన్సోడు అని పేరు పెట్టాడు, ఈరోజు వాయిదా కడితే రేపు వడ్డీ వేసుకుని మళ్ళీ గుమ్మంలో నిలబడతాడని. థెరపిస్టే పేరు పెట్టమంది, పిల్లలకి జబ్బు వేరు, తాము వేరు అని తెలియడానికి. పాపని కూడా ఏదో ఒక పేరు పెట్టుకోమను, ఎంత వెటకారంగా ఉంటే అంత మంచిది.

ఇప్పుడు అసలు విషయం. ఆ వాయిదాలు కడుతున్నది పాప ఒక్కతే కాదు, ఇంటిల్లిపాదీ కడుతున్నారు. నీ మెసేజ్‌లోనే ఉంది చూడు: అల్లుడుగారు పెరట్లో స్నానం చేస్తే గానీ లోపలికి రానివ్వట్లేదు, ఆయన బట్టలు నువ్వు విడిగా రెండుసార్లు ఉతుకుతున్నావు, తమ్ముడు అక్క మంచం మీద కూర్చోకూడదు, కుళాయి నువ్వే తిప్పాలి, అడిగిన ప్రతిసారీ "ఏం కాదమ్మా" అనాలి. ఇదంతా ప్రేమతోనే చేస్తున్నారు, పిల్ల ఏడుస్తుంటే ఏ తల్లయినా అదే చేస్తుంది. కానీ నువ్వు "ఏం కాదు" అన్న ప్రతిసారీ, అది నిజంగా అడగాల్సిన ప్రశ్నే అని దానికి ఖాయం చేస్తున్నావు. పాపకి నీ జవాబు తెలియక కాదు అడిగేది.

అలాగని రేపు పొద్దున్నుంచి అన్నీ ఒక్కసారి ఆపేస్తే పాపకి ఊపిరాడదు, మీరంతా తనమీద కక్ష కట్టారనుకుంటుంది. ముందు ఓ వారం ఏమీ మార్చకుండా, జబ్బు కోసం ఇంట్లో ఎవరెవరు ఏమేం చేస్తున్నారో ఒక కాగితం మీద రాయి. అందులోంచి తేలికైనది ఒక్కటి పాపతో కలిసి ఎంచుకో. గొడవ జరుగుతున్నప్పుడు కాదు, మామూలుగా ఉన్నప్పుడు, సాయంత్రం గుమ్మంలో కూర్చుని చెప్పు: "కుళాయి సోమవారం నుంచి నేను తిప్పను నాన్నా, నీకు కష్టమని తెలుసు, నువ్వు తట్టుకోగలవని కూడా తెలుసు." ఈ రెండు మాటలూ కలిపే చెప్పాలి. మొదటిది ఒక్కటే అంటే జాలి, రెండోది ఒక్కటే అంటే దబాయింపు. అడిగే ప్రశ్నలకైతే, "ఇది నువ్వు అడుగుతున్నావా, ఫైనాన్సోడు అడుగుతున్నాడా" అని మేం అనేవాళ్ళం. ఒక్కోసారి నవ్వేవాడు, ఒక్కోసారి పళ్ళెం విసిరేవాడు.

మొదట్లో పెరుగుతుంది, అది ముందే చెప్తున్నా. ఆపిన కొత్తలో ఏడుపులూ అరుపులూ ఎక్కువవుతాయి. మూడు రోజులు గట్టిగా ఉండి నాలుగో రోజు ఇంటిపక్కవాళ్ళు వింటున్నారని లొంగిపోతే, గట్టిగా అరిస్తే పనవుతుందని నేర్పినట్టే, అందుకే నిలబెట్టుకోగలిగినదే ఎంచుకో. ఇంకో సంగతి, మీ అత్తగారు. నువ్వు వంటింట్లో జవాబు చెప్పకపోతే పాప వెళ్ళి నాయనమ్మ దగ్గర అడుగుతుంది, ఆవిడ "ఏం కాదులే బంగారం" అని కొంగుతో మొహం తుడుస్తుంది, అంతే, నీ కష్టమంతా గోదాట్లో కలిసినట్టే. ఉమ్మడి ఇంట్లో ఉండే తంటా ఇదే, అందరూ ఒకే మాట మీద ఉండాలి. ఫోన్ కూడా నాయనమ్మలాంటిదే, గూగుల్లో "రొయ్యల మందు విషమా" అని వెతుక్కోవడం కూడా అడగడమే, దాన్ని లెక్కలోకి తీసుకో.

ఇక థెరపీ. దీనికి బాగా పనిచేసేదాన్ని ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అంటారు, పొట్టిగా ఈఆర్‌పీ. భయపడేదాని దగ్గరికి మెట్టుమెట్టుగా వెళ్ళడం, వెళ్ళాక కడగడం, అడగడం, సరిచూడడం లాంటివి చెయ్యకుండా ఆగడం, అంతే దాని సారం. ముందు భయాలన్నిటికీ సున్నా నుంచి పది దాకా మార్కులు వేయిస్తారు. పాప విషయంలో నాన్న బండి పక్కన నిలబడడం మూడు అనుకో, హ్యాండిల్ పట్టుకోవడం నాలుగు, దండెం మీద ఆరేసిన చొక్కా ముట్టుకోవడం ఆరు, ఆ చేత్తో తమ్ముడికి జంతిక ఇవ్వడం తొమ్మిది. కిందినుంచి మొదలుపెడతారు. అంతేగానీ బ్లీచింగ్ డబ్బాలో చెయ్యి పెట్టించరు, నువ్వు కూడా అలాంటి పిచ్చి ప్రయోగాలు చెయ్యకు. పైన చెప్పిన మెట్లన్నీ ఊళ్ళో మిగతా పిల్లలు ఆలోచించకుండా చేసేవే. అన్నానికి ముందు మామూలుగా ఒక్కసారి చేతులు కడుక్కోవడం ఎలాగూ ఉంటుంది.

మా వాడికి థెరపిస్టు మొదట పాత న్యూస్‌పేపరు కింద పరిచి కాలు ఆనించి కూర్చోమంది. మా అత్తగారు సరస్వతిని అవమానిస్తారా అని గుమ్మంలోనే నిలబడ్డారు. ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది, పుస్తకాన్ని తొక్కించను మామ్మగారూ, పొరపాటున తగిలితే మీలాగే ఒక్కసారి అద్దుకుని వదిలేస్తే చాలు, రెండోసారి నుంచీ జబ్బు అని. ఆవిడకి అది నచ్చింది. వాడు చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, పై పెదవి మీద చెమట, కాళ్ళు టకటకా ఊపుతున్నాడు. ఎంతరా అంటే ఎనిమిది అన్నాడు. కాసేపయ్యాక ఏడు. మేం ఎవరం ధైర్యం చెప్పకూడదు, అదే ఒప్పందం, నాకు నోరు ఊరుకోదు కదా, పళ్ళు బిగపట్టి కూర్చున్నా. ఇంకాసేపటికి నాలుగో మూడో అని, పెసరట్టు ఉందా అని అడిగాడు. ప్రతిసారీ ఇలా దిగుతుందని కాదు, ఒక్కోసారి ఎనిమిది ఎనిమిదిగానే ఉండేది. దిగకపోయినా ఏమీ చెయ్యకుండా ఉండగలిగాడు కదా, బుర్ర నేర్చుకునేది దాన్నే. ఇంటిదగ్గర రోజూ హోంవర్కు చేయించాలి, వారానికోసారి సెషన్‌తో అయిపోదు. చేసినప్పుడల్లా టిక్కు పెట్టి, కొన్ని టిక్కులకి ఏదో ఒకటి ఇవ్వు. మా వాడు ఆత్రేయపురం పూతరేకులకీ, వాళ్ళ నాన్న బండి మీద అంతర్వేది బీచికీ పడిపోయేవాడు.

మందుల గురించి భయపడుతున్నావు. అందరికీ మొదట్నుంచీ అక్కర్లేదు. ఒక మోస్తరుగా ఉంటే థెరపీతో మొదలుపెడతారు, తీవ్రంగా ఉంటే రెండూ కలిపి ఇస్తారు. అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ళలోపు పిల్లలు 112 మంది మీద చేసిన పరిశోధన 2004లో వచ్చింది, 12 వారాలకి లక్షణాలు దాదాపు పోయినవాళ్ళు రెండూ తీసుకున్నవాళ్ళలో 54 శాతం, థెరపీ ఒక్కటే అయితే 39, సెర్ట్రలీన్ అనే మందు ఒక్కటే అయితే 21, ఉత్తుత్తి మాత్రలకి 4. సెర్ట్రలీన్, ఫ్లూఆక్సెటిన్, ఫ్లూవోక్సమీన్ లాంటివి ఇస్తారు, మత్తుమందులు కావు, అలవాటుపడిపోయేవీ కావు. పూర్తిగా పనిచెయ్యడానికి రెండు మూడు నెలలు పడుతుంది, పది రోజులకే తేడా లేదని మానెయ్యకూడదు, తగ్గిందని సొంతంగా ఆపెయ్యకూడదు. మొదటి వారాల్లోనూ, డోసు మార్చినప్పుడూ పాప బాగా చిరాగ్గా, నిద్రలేకుండా ఉన్నా, చచ్చిపోతానన్న మాట వచ్చినా వెంటనే డాక్టరుకి చెప్పాలి.

ఇంకోటి అడగడానికి నువ్వు మొహమాటపడ్డావు, నాకర్థమైంది. కత్తిపీట చూస్తే తమ్ముణ్ణి ఏదన్నా చేసేస్తానేమో అని పాప ఏడ్చింది అన్నావు, ఆ తర్వాత గొంతు ఆగిపోయింది. ఈ జబ్బులో ఇలాంటి ఆలోచనలు చాలామందికి వస్తాయి, దేవుడి గదిలో బూతుమాటలు తోచడం కూడా. మనసుకి ఏది అన్నిటికన్నా ప్రాణమో దాని మీదే ఇవి పడతాయి. తమ్ముడంటే ప్రాణం కాబట్టే అంత భయపడింది. కత్తిపీట దాచకు, దాస్తే నిజంగానే చేస్తావని ఒప్పుకున్నట్టు. "అలాంటి ఆలోచనలు ఈ జబ్బులో వస్తాయిరా" అని ఒక్కసారి చెప్పి వదిలెయ్యి, డాక్టరుకి మాత్రం దాచకుండా చెప్పు.

బళ్ళో క్లాసు టీచరు ఒక్కరికి చెప్తే చాలు. రాసింది చెరిపి మళ్ళీ రాస్తుంటే తిట్టొద్దని, మాటిమాటికీ బాత్రూంకి పంపమంటే ఎంతవరకు పంపాలో థెరపిస్టు చెప్పినట్టు చెయ్యమని. పదో తరగతికి హాస్టల్లో వేసే ఆలోచన మాత్రం ఇప్పుడు పక్కన పెట్టండి, ఆ పొద్దస్తమానం చదువుల్లో దీన్ని చూసేవాళ్ళెవరూ ఉండరు. రేపు సంబంధాలకి అడ్డమొస్తుందని అల్లుడుగారు గుసగుసలాడుతున్నారట కదా, పన్నెండేళ్ళ పిల్లకి ఇప్పట్నుంచీ సంబంధాలేంటి, నాకు ఒళ్ళు మండుతుంది.

మొదట సైకియాట్రిస్టుకి చూపించు. కాకినాడ జీజీహెచ్‌లో, అంటే పెద్ద ప్రభుత్వాసుపత్రిలో, సైకియాట్రీ విభాగం ఉంది. థెరపీ చేసే క్లినికల్ సైకాలజిస్టు దగ్గర్లో దొరక్కపోతే వీడియో కాల్ మీద కూడా బాగానే నడుస్తుంది, జబ్బు మరీ మొండికేస్తే బెంగళూరులో నిమ్హాన్స్ అనే మానసిక వైద్య సంస్థలో ఓసీడీకి ప్రత్యేకంగా క్లినిక్ ఉంది. ఎవరి దగ్గరికి వెళ్ళినా మొహమాటపడకుండా అడుగు: మీరు ఈఆర్‌పీ చేస్తారా, ఇంటికి హోంవర్కు ఇస్తారా, మమ్మల్ని కూడా కూర్చోబెట్టి నేర్పుతారా అని. ఊరికే కబుర్లు చెప్పి, గాలి గట్టిగా పీల్చమని పంపించేస్తే ఇంకొకర్ని చూసుకో. రాత్రిపూట నీకే గుండె దడగా ఉంటే 14416కి ఫోన్ చెయ్యి, కేంద్రం 2022లో పెట్టిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

వెళ్ళేటప్పుడు నేను చెప్పిన కాగితం తీసుకెళ్ళు, ఎప్పుడు మొదలైంది, ఏమేం చేస్తోంది, ఎంతసేపు పడుతోంది అన్నీ రాసి. ఈమధ్య గొంతునొప్పి, జ్వరం వచ్చి ఆ వెంటనే ఒకటి రెండు రోజుల్లోనే ఇదంతా హఠాత్తుగా మొదలైందా, అది కూడా గుర్తు తెచ్చుకుని చెప్పు, అలా వస్తే డాక్టర్లు వేరే పరీక్షలు ఆలోచిస్తారు. మన వైపు ఎవరికన్నా ఉందా అని అడుగుతారు, మా వాడి సంగతి నిరభ్యంతరంగా చెప్పు, వాడే చెప్పమన్నాడు. పాపతో మాట్లాడతానని కూడా అన్నాడు, ఆదివారం ఖాళీగా ఉంటాడట. అల్లుడుగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళు, చెరువుకి మేత వేసే పని ఆ ఒక్కపూట ఎవరికన్నా అప్పజెప్పమను. మీ అత్తగారికి నేను ఈ సాయంత్రమే ఫోన్ చేస్తున్నా, వదినగారితో నాకు చనువే కదా.

దొడ్డమ్మ