పక్క ప్యానెల్‌లో ఏం కనపడకూడదంటే

చి. సౌమ్యకి,
మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. విమ్ ఎడిటర్‌లో ఎడమవైపు ఫైళ్ల జాబితా, కుడివైపు ట్యాగ్‌బార్ (తెరిచిన ఫైల్లోని ఫంక్షన్ల పేర్లూ అవీ చూపించే ప్యానెల్), కింద టెర్మినల్. వాటి మధ్య ఇరుక్కుని జానెడు కోడ్. "ప్యానెల్ పెట్టుకున్నా గానీ దాని వంక చూడబుద్ధి కావట్లేదు మామయ్యా, పీకేయనా?" అన్నావు. పీకకు. ప్రస్తుతం నీ పని కొత్త కోడ్ రాయడం కాదు, ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిపోయిన సీ కోడ్‌ని చదివి మరమ్మతు చేయడం. అలాంటి పనికి విమ్‌లో ట్యాగ్‌బార్ అంత ఆదుకునేది ఇంకోటి లేదు. కాకపోతే ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఎలా వచ్చిందో అలాగే వదిలేస్తే మాత్రం నువ్వన్నట్టే, దాని వంక చూడబుద్ధి కాదు.

ప్యానెల్‌లో ఏమేం కనపడాలి అని మొదలుపెట్టకు. ఏమేం కనపడకూడదు అని మొదలుపెట్టు. రంగులూ ఐకాన్లూ తర్వాతి సంగతి. మీ టీమ్‌లో కుర్రాడు ఇచ్చాడన్న కాన్ఫిగ్ చదివాను. అందులో సగానికి పైగా రంగుల గోలే. అతని కళ్లకి అది బాగుండొచ్చు, తప్పు పట్టను. నీకు అక్కర్లేదు.

సెట్టింగులు ముట్టుకునే ముందు అడుగున ఏముందో చూసుకో. ట్యాగ్‌బార్ తనంతట తాను కోడ్ చదవదు. వెనకాల సీట్యాగ్స్ అనే ప్రోగ్రామ్‌ని పిలుస్తుంది. ఏ పేరు ఏ లైన్లో ఉంది, అది ఫంక్షనా, స్ట్రక్టా (కొన్ని విలువల్ని ఒక కట్టగా కట్టినది), మ్యాక్రోనా (కోడ్ ముక్కకి పెట్టిన మారుపేరు), దేని లోపల ఉంది, ఇదంతా చెప్పేది సీట్యాగ్స్. ట్యాగ్‌బార్ ఆ చెప్పినదాన్ని మెమరీలో పెట్టుకుని చెట్టులా గీసి చూపిస్తుంది, అంతే. డిస్క్ మీద ట్యాగ్స్ ఫైల్ అంటూ ఏదీ రాయదు. ఒక ఫైల్లోంచి ఇంకో ఫైల్లోని ఫంక్షన్‌కి దూకడానికి కావలసిన ట్యాగ్స్ ఫైల్ నువ్వు వేరేగా తయారుచేసుకోవాల్సిందే. ఈ రెండూ ఒకటే అనుకుని "ప్యానెల్ వస్తోంది, దూకడం మాత్రం రావట్లేదు" అని తలపట్టుకునేవాళ్లు చాలామంది.

అంచేత ప్యానెల్ ఖాళీగా ఉన్నా, ఎర్రర్ చూపించినా, ముందు అనుమానించాల్సింది సీట్యాగ్స్‌నే. టెర్మినల్‌లో వెర్షన్ అడుగు. జవాబులో యూనివర్సల్ సీట్యాగ్స్ అన్న పేరు కనపడాలి. ఈ ప్రోగ్రామ్ బీఎస్‌డీ యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ రోజుల నాటిది, మొదట రాసినవాడు కెన్ ఆర్నాల్డ్. ఆ తర్వాత డారెన్ హీబర్ట్ దాన్ని ఎన్నో భాషలకి పెంచి ఎగ్జూబరెంట్ సీట్యాగ్స్ చేశాడు. అది 2009లో 5.8 వెర్షన్ దగ్గర ఆగిపోయింది. అక్కడ అందుకుని ఇప్పుడు నడుస్తున్నది యూనివర్సల్ సీట్యాగ్స్. నీ మ్యాక్‌లో డెవలపర్ టూల్స్‌తో వచ్చే సీట్యాగ్స్ ఆ పాత బీఎస్‌డీ రకం. ట్యాగ్‌బార్ అడిగే ఆప్షన్లు దానికి తెలియవు. కొన్ని లినక్స్ మెషిన్లలో ఈమ్యాక్స్ ఎడిటర్‌తో పాటు వచ్చిన సీట్యాగ్స్ ముందు దొరుకుతుంది, అదీ పనికిరాదు. ఆఫీస్ సర్వర్లో సుడో, అంటే అడ్మిన్ అధికారం, ఇవ్వరన్నావు కదా, బెంగలేదు. సోర్స్ తెచ్చుకుని ప్రిఫిక్స్‌గా (ఇన్‌స్టాల్ అవ్వాల్సిన చోటుగా) నీ హోమ్ డైరెక్టరీ ఇచ్చి బిల్డ్ చేసుకో. తర్వాత ట్యాగ్‌బార్ సెట్టింగుల్లో సీట్యాగ్స్ బిన్ అన్నదానికి ఆ దారి మొత్తం రాయి. అడ్మిన్ల చుట్టూ తిరగక్కర్లేదు.

ఇక అసలు పనికి వద్దాం. మీ డ్రైవర్ కోడ్‌లో (హార్డ్‌వేర్‌ని నడిపే కోడ్‌లో) బాగా పెద్ద సీ ఫైల్ ఒకటి తెరిచి ప్యానెల్‌ని పైనించి కిందికి చదువు. మొదట మ్యాక్రోలు, తర్వాత ప్రోటోటైపులు, అంటే ఫంక్షన్ల ముందస్తు ప్రకటనలు. ఈ రెండూ మడిచే, అంటే శీర్షిక కింద మూసుకునే వస్తాయి, అంతవరకు నయం. ఆ తర్వాత ఈనమ్‌లు (పేర్లు పెట్టిన స్థిర విలువల జాబితాలు), వాటి లోపలి విలువలు, టైప్‌డెఫ్‌లు (రకాలకి పెట్టిన మారుపేర్లు), స్ట్రక్టులు, ఒక్కో స్ట్రక్ట్ కింద దాని మెంబర్లన్నీ, గ్లోబల్ వేరియబుల్స్. ఇవన్నీ దాటాక, అట్టడుగున ఫంక్షన్లు. నువ్వు రోజంతా వెతికేది వేటిని? ఫంక్షన్లని. చుట్టాలొచ్చే గదిలో అటక మీది సామానంతా దింపి, కుర్చీలు పెరట్లో వేసినట్టుంది ఈ వరస. నీకు చూడబుద్ధి కాకపోవడానికి కారణం ఇదే, నీ బద్ధకం కాదు.

మార్చుకోవడం సులువు. ట్యాగ్‌బార్ టైప్ అనే వేరియబుల్ ఒక్కో ఫైల్ రకానికి ఒకటి పెట్టుకోవచ్చు. సీ కోసం ఒకటి రాసి, అందులో కైండ్స్ అనే జాబితా ఇవ్వు. ముందే తెలిసిన భాష కాబట్టి మార్చదలుచుకున్నదే రాస్తే చాలు, మిగతావి దాని దగ్గర ఉన్నవే తీసుకుంటుంది. జాబితాలో ఒక్కో వరసకి నాలుగు ముక్కలుంటాయి, మధ్యలో కోలన్లు. మొదటిది సీట్యాగ్స్ వాడే ఒంటి అక్షరం, ఫంక్షన్‌కైతే చిన్న ఎఫ్. రెండోది ప్యానెల్‌లో శీర్షికగా కనపడే పేరు. మూడోది మడిచి ఉంచాలా వద్దా, 1 అంటే మడత, 0 అంటే తెరిచి. నాలుగోది ఆ రకం పేరు కింద స్టేటస్ లైన్‌లో కనపడొచ్చా లేదా. అసలు కిటుకు ఏమిటంటే, జాబితాలో ఏ వరసలో రాస్తే ప్యానెల్‌లో అదే వరసలో కనపడతాయి. జాబితాలో రాయని రకం ప్యానెల్‌లోకే రాదు.

నేనైతే నీకు ఇలా రాసిస్తాను: మొదట ఫంక్షన్లు, తెరిచి. వాటి కింద స్ట్రక్టులు. తర్వాత గ్లోబల్ వేరియబుల్స్, ఎందుకంటే పాత డ్రైవర్ కోడ్‌లో రోగాలు సగం అక్కడే దాక్కుంటాయి. ఆ కింద ఈనమ్‌లు, మ్యాక్రోలు, రెండూ మడిచి. ప్రోటోటైపులు పూర్తిగా తీసేయి, అదే ఫైల్లో కింద అసలు ఫంక్షన్ ఉండగా దాని ప్రకటన దేనికి? హెడర్ ఫైళ్ల (ప్రకటనలు పెట్టే డాట్ హెచ్ ఫైళ్ల) విషయంలో మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ ప్రోటోటైపులే సరుకు. విమ్ డాట్ హెచ్ ఫైళ్లని మామూలుగా సీ ప్లస్ ప్లస్ కింద జమకడుతుంది కాబట్టి ఆ రకానికి వేరే జాబితా రాసుకుని, అందులో ప్రోటోటైపుల్ని పైన పెట్టు. ఏ భాషకి ఏ అక్షరాలున్నాయో బట్టీ పట్టక్కర్లేదు. సీట్యాగ్స్‌ని లిస్ట్ కైండ్స్ ఆప్షన్‌తో అడిగితే వరసగా చెబుతుంది.

స్ట్రక్ట్ మెంబర్ల దగ్గర నువ్వూ నేనూ వాదించుకోవచ్చు. ఉంచితే ప్యానెల్ చాంతాడంత అవుతుంది, తీసేస్తే హార్డ్‌వేర్ రిజిస్టర్ పేరు ఏ స్ట్రక్ట్‌లో ఉందో చప్పున దొరకదు. మధ్యేమార్గం ఒకటుంది. ఫోల్డ్ లెవెల్ మామూలుగా 99, అంటే లోతు ఎంతున్నా అన్నీ తెరిచే ఉంటాయి. దాన్ని తగ్గిస్తే లోపలివి మూసుకుని వస్తాయి. దాంతోపాటు ఆటో షో ట్యాగ్ అన్నది 1 చేస్తే, కర్సర్ ఏ మెంబర్ మీద ఉందో ఆ మడత దానంతటదే తెరుచుకుంటుంది. చేయకపోతే మెంబర్ బదులు దాని తల్లి స్ట్రక్ట్ పేరు మీద రంగు పడుతుంది. నాకు ఆ రెండోదే నచ్చుతుంది, ఊరికే తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే ప్యానెల్ పక్కన పెట్టుకుని చదవలేను.

ఇక సార్టింగ్. ట్యాగ్‌బార్ పేర్లని అక్షరక్రమంలో పేరుస్తుంది. పైగా పెద్దక్షరాలు ముందు, చిన్నక్షరాలు తర్వాత. సార్ట్ అనే సెట్టింగ్‌ని ఇవాళే 0 చేసెయ్. అప్పుడు ప్రతి రకంలోనూ పేర్లు ఫైల్లో ఉన్న వరసలో వస్తాయి. పేరు తెలిసినదాన్ని వెతకడానికి ప్యానెల్ ఎందుకు, స్లాష్ కొట్టి వెతుక్కుంటావు కదా. ప్యానెల్ చెప్పాల్సింది నువ్వు ఎక్కడున్నావు, నీ పైనా కిందా ఏమున్నాయి అన్నది. కోడ్ రాసినవాడు ఏది ముందు రాశాడు, ఏది తర్వాత రాశాడు అన్నదాంట్లో బోలెడు సమాచారం ఉంటుంది. సీ ఫైళ్లలో చిన్న స్టాటిక్ ఫంక్షన్లు (ఆ ఫైల్ వరకే పనికొచ్చేవి) పైన, వాటిని పిలిచే పెద్దది కింద ఉండడం మామూలు. కాబట్టి కిందినించి పైకి చదువుకుంటూ పోతే కథ అర్థమవుతుంది. అక్షరక్రమంలో పేరిస్తే ఆ కథ చెదిరిపోతుంది. ఎప్పుడైనా అక్షరక్రమమే కావాలంటే ప్యానెల్‌లో నిలబడి ఎస్ కొట్టు, మళ్లీ ఎస్ కొడితే వెనక్కి వస్తుంది.

"కర్సర్ కదిపితే ప్యానెల్ వెంటనే కదలట్లేదు, ప్లగిన్ స్లో" అన్నావు. ప్లగిన్ తప్పేం లేదు. నువ్వు కీబోర్డ్ మీంచి చెయ్యి తీసి కాసేపు ఆగాకే, కర్సర్ ఉన్న చోటి పేరు మీదకి ప్యానెల్‌లో రంగు మారుతుంది. ఆ కాసేపు ఎంతో నిర్ణయించేది విమ్‌లో అప్‌డేట్ టైమ్. అది మామూలుగా 4000 మిల్లీసెకన్లు, అంటే నాలుగు సెకన్లు. 500కి దించు, ప్రాణం లేచొస్తుంది. మరీ 50కో 100కో దించకు. స్వాప్ ఫైల్ (సేవ్ చేయని మార్పులు పోకుండా విమ్ దాచుకునే ఫైల్) డిస్క్‌కి రాయడం కూడా ఇదే గడియారం మీద నడుస్తుంది. నీ హోమ్ డైరెక్టరీ నెట్‌వర్క్ మీద ఉంటే, ఆగినప్పుడల్లా అక్కడికి రాతలు పోతాయి.

వెడల్పు మామూలుగా 40 నిలువు వరసలు. నీ ల్యాప్‌టాప్‌కి 30 చాలు. పొడుగు పేర్లు తెగిపోతే ప్యానెల్‌లో ఎక్స్ కొట్టి కాసేపు వెడల్పు చేసి మళ్లీ తగ్గించుకో. కాంపాక్ట్ ఆన్ చేస్తే పైనున్న సహాయం లైనూ, మధ్యలో ఖాళీ లైన్లూ పోతాయి. త్రికోణం ఐకాన్ల చోట డబ్బాలు కనపడుతుంటే అది నీ ఫాంట్ లోపం, ఐకాన్లని కూడిక, తీసివేత గుర్తులుగా మార్చేసి మర్చిపో. ప్యానెల్‌ని కుడివైపే ఉంచు. ఎడమవైపు పెడితే తెరిచినప్పుడల్లా కోడ్ మొత్తం పక్కకి జరుగుతుంది, కన్ను చదువుతున్న చోటు తప్పిపోతుంది. ఆ ఎడమవైపు ఫైళ్ల జాబితాని మూసెయ్. కావలసినప్పుడు పిలువు.

అసలు ప్యానెల్ ఎప్పుడూ తెరిచే ఉండాలా, పిలిస్తే రావాలా అన్నది నీ చదువుని బట్టి. కొత్త ఫైల్ పరిచయం చేసుకుంటున్నప్పుడు తెరిచి ఉంచు. తెలిసిన ఫైల్లో బగ్ వేటాడుతున్నప్పుడు పిలిస్తే వచ్చి, పేరు మీద ఎంటర్ కొట్టగానే మాయమైతే హాయి. రెండింటికీ రెండు కీలు పెట్టుకో. ఒకదానికి ట్యాగ్‌బార్ టోగుల్, ఇంకోదానికి ట్యాగ్‌బార్ ఓపెన్ ఆటో క్లోజ్. అందరూ ఎఫ్8 అంటారు గానీ ల్యాప్‌టాప్‌లో ఆ కీ పాటల్ని ఆపడానికో నడపడానికో ఉంటుంది, లీడర్ కీ (విమ్‌లో సొంత షార్ట్‌కట్ల ముందు కొట్టే కీ) తర్వాత ఏదైనా అక్షరం పెట్టుకో. ప్యానెల్‌లో ఉన్నప్పుడు స్పేస్ కొడితే కింద ఆ ఫంక్షన్ పూర్తి రూపం కనపడుతుంది. చిన్న పీ కొడితే కోడ్ అక్కడికి వెళ్తుంది గానీ నువ్వు ప్యానెల్‌లోనే ఉంటావు. చిన్న పీతో ఒక్కో ఫంక్షన్ చూసుకుంటూ దిగితే ఫైల్ మొత్తం మీద చూపు తిరుగుతుంది. ఈ ఒక్కటీ అలవాటు చేసుకో, మిగతావన్నీ ప్రశ్న గుర్తు కొడితే అదే చెబుతుంది.

మీ టెస్ట్ స్క్రిప్టుల భాష ప్యానెల్‌లో రావట్లేదన్నావు. మీ కంపెనీ సొంత భాష, సీట్యాగ్స్‌కి ఎలా తెలుస్తుంది? నేర్పాలి. హోమ్‌లో డాట్ సీట్యాగ్స్ డాట్ డి అనే ఫోల్డర్ చేసి, అందులో డాట్ సీట్యాగ్స్‌తో ముగిసే పేరుతో ఒక ఫైల్ పెట్టు. పాత ఎగ్జూబరెంట్ అయితే హోమ్‌లోని డాట్ సీట్యాగ్స్ అనే ఒకే ఫైల్ చదివేది. ఇంటర్నెట్‌లో దొరికే పాత సలహాలు చాలావరకు దాని గురించే, యూనివర్సల్ ఆ ఫైల్‌ని పట్టించుకోదు. ఆ కొత్త ఫైల్లో నాలుగు లైన్లు చాలు. ల్యాంగ్‌డెఫ్‌తో భాషకి పేరు, మ్యాప్‌తో ఫైల్ ఎక్స్‌టెన్షన్, కైండ్‌డెఫ్‌తో రకానికో అక్షరం, రెజెక్స్‌తో లైన్‌ని గుర్తుపట్టే నమూనా. ముందు టెర్మినల్‌లోనే ఒక స్క్రిప్ట్ మీద నడిపి పేర్లు వస్తున్నాయో లేదో చూడు. వచ్చాకే విమ్‌లో టైప్ వేరియబుల్ రాయి. ఆ ఫైల్ రకం ఏమిటో విమ్‌కి కూడా తెలియాలి సుమా, ఫైల్‌టైప్ పెట్టకపోతే సీట్యాగ్స్ ఎంత చెప్పినా ట్యాగ్‌బార్‌కి వినపడదు.

విమ్ వదిలి వీఎస్ కోడ్ ఎడిటర్‌కి మారితే ఇదంతా వృథా కదా అని అడుగుతావని తెలుసు. అక్కడ అవుట్‌లైన్ అని ఉంటుంది. సీట్యాగ్స్ బదులు లాంగ్వేజ్ సర్వర్ (కోడ్‌ని అర్థం చేసుకుని ఎడిటర్‌కి చెప్పే ప్రోగ్రామ్) చెప్పినది చూపిస్తుంది. స్థానాన్ని బట్టి, పేరుని బట్టి, రకాన్ని బట్టి మూడు విధాలుగా సార్ట్ చేయొచ్చు. కర్సర్‌ని అనుసరించమని చెప్పొచ్చు. వేరియబుల్స్, ప్రాపర్టీలు లాంటి రకాల్ని ఒక్కొక్కటిగా దాచడానికి సెట్టింగులున్నాయి. అక్కడ కూడా ముందు ఆ దాచే పనే చెయ్యి.

మీ టెస్ట్ స్క్రిప్టులో ఒక దశ ఎలా మొదలవుతుందో, ఆ లైన్ ఆకారం మాత్రం పంపు. కంపెనీ కోడ్ పంపకు, పేర్లన్నీ మార్చి రెండు లైన్లు టైప్ చెయ్. రెజెక్స్ నేను రాసి పంపిస్తాను. ఈలోపు సీ కైండ్స్ జాబితా, సార్ట్, అప్‌డేట్ టైమ్, ఈ మూడు మాత్రమే మార్చి వాడి చూడు. అమ్మని అడిగానని చెప్పు.

మామయ్య