పరిస్థితులు మారుతుంటే ఇతరులను చూసి చేయడం పనికొస్తుందా?

పనికొస్తుంది. చాలామంది అనుకునేదానికంటే ఎక్కువగానే.

దీన్ని తేల్చడానికి స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీకి చెందిన కెవిన్ లాలండ్ బృందం కంప్యూటర్‌లో ఒక పోటీ పెట్టింది. ఫలితాలు 2010లో సైన్స్ పత్రికలో వచ్చాయి. మొత్తం 104 ఎంట్రీలు, ఒక్కోటీ ఆట ఎలా ఆడాలో చెప్పే ఒక వ్యూహం. ఆటలో 100 రకాల పనులు, ఒక్కోదానికి ఒక్కో లాభం, అదీ మారిపోతూ ఉంటుంది. ప్రతి రౌండులో కొత్తది వెతకాలి, లేదా పక్కవాళ్లను గమనించాలి, లేదా తెలిసిన పని చేసి లాభం తీసుకోవాలి. మూడింటిలో ఒక్కటే.

గెలిచిన ‘డిస్కౌంట్ మెషీన్’ అనే వ్యూహం దాదాపు అంతా చూసే నేర్చుకుంది! కారణం నాకు చాలా నచ్చింది: ఎవరైనా తమకు తెలిసినవాటిలో బాగా కలిసొచ్చిన పనినే చేస్తారు. అంటే మనం చూసేసరికే పనికిరానివి చాలావరకు వడపోతలో పోయి ఉంటాయి. అయితే అది గుడ్డిగా కాపీ కొట్టలేదు. సమాచారం ఎంత పాతదైతే దానికి అంత తక్కువ విలువ ఇచ్చింది. మన దగ్గర చాలామంది దెబ్బతినేది ఇక్కడే. నిరుడు పక్క చేనులో మిర్చికి మంచి రేటు పలికిందని ఈ ఏడు ఊరంతా మిర్చే వేస్తే, పంట యార్డుకు చేరేసరికి ఆ రేటు ఉండదు.

అందరూ చూసి చేసేవాళ్లే అయితే కొత్తది కనిపెట్టేవాళ్లు మిగలరు. అప్పుడు అనుకరణ లాభమూ పడిపోతుందని మానవ శాస్త్రవేత్త అలన్ రోజర్స్ 1988లోనే గణితంతో చూపించాడు.