రేవులో లోతు ఒకసారి కొలిస్తే చాలదా? నీటి అడుగు లోతులు కొలిచే హైడ్రోగ్రాఫిక్ సర్వే మళ్ళీ మళ్ళీ ఎందుకు?

చాలదు, అడుగున ఇసుక, ఒండ్రు కదులుతూనే ఉంటాయి కాబట్టి ఓడ నేలకు తగలకుండా దారి చూపాలన్నా, ఎంత తవ్వాలో తేల్చాలన్నా మళ్ళీ కొలవాల్సిందే. పడవకు బిగించిన ఎకో సౌండర్ ధ్వనిని కిందికి పంపి, ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూస్తుంది. సముద్రపు నీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు, 0.02 సెకన్లకు తిరిగొస్తే రానుపోను 30 మీటర్లు, అందులో సగం అంటే లోతు 15 మీటర్లు. ఉప్పదనం, వేడి మారితే ఈ వేగమూ మారుతుంది. అందుకే దాన్ని అక్కడికక్కడే కొలవాలి. ఇది వదిలేస్తే మిగతా లెక్కంతా తప్పే.

విశాఖనే తీసుకోండి. నైరుతి రుతుపవనాల్లో అలల తోపుకు ఇసుక తీరం వెంబడి ఉత్తరానికి కొట్టుకొస్తూ రేవు దగ్గర పేరుకుంటుంది. ఆ ఇసుకను తవ్వి తీయడానికి (డ్రెడ్జింగ్‌కు) ముందు, తర్వాత చేసిన సర్వేల తేడాయే తీసిన ఇసుక పరిమాణం.

ఓడలు వాడే సముద్ర పటం, అంటే చార్టులో అంకె ఇప్పుడున్న లోతు అనుకుంటారు చాలామంది. కాదు, అది పాటులో నీరు బాగా తగ్గినప్పటి మట్టం నుంచి లెక్క. చార్టులో 10 మీటర్లుండి, పోటుకు నీరు ఆ మట్టం కంటే 1.2 మీటర్లు పైకి వస్తే అసలు లోతు 11.2.